తుని లైను తీసేసిన రోజు

సుమేధకు కూర్చున్నచోట కుదురుండేది కాదు.

అన్నం తింటున్నా ఎడమచేత్తో ఫోను తిరగేస్తూనే ఉండేది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా బయటికి చూసేది కాదు. ఎవరైనా ఏదైనా చెబుతుంటే "ఊఁ" కొట్టేది గానీ మనసు ఎక్కడో ఉండేది. "ఇంటికొచ్చావా, ఇంకా ఆఫీసులోనే ఉన్నావా?" అని వాళ్ళమ్మ ఒకరోజు విసుక్కుంది.

ఆమె చేసేది ఒకరకం కాపలా పని. కాకినాడలో భానుగుడి దగ్గర ఒక మేడ మీద భ్రమరాంబ గారు నడిపే చిన్న సంస్థ ఉంది. బియ్యం ఎగుమతి చేసేవాళ్ళు, రొయ్యల ఫ్యాక్టరీల వాళ్ళు, ఆసుపత్రుల వాళ్ళు తమ కంప్యూటర్ల నెట్‌వర్క్‌ను ఈ సంస్థకు అప్పగించి తమ పని తాము చూసుకుంటారు. దొంగలు చొరబడకుండా చూడడం, ఒకవేళ చొరబడినా అక్కడి పని ఆగిపోకుండా చూడడం ఈ మేడ మీద కూర్చున్నవాళ్ళ బాధ్యత.

భ్రమరాంబ గారు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. సుమేధ ఆవిడ దగ్గరే చదువుకుంది, ఆవిడ దగ్గరే పని నేర్చుకుంది. క్లాసులో ఎంతసేపైనా మాట్లాడిన మనిషి, ఆఫీసు పెట్టాక మాత్రం మాటలు బాగా తగ్గించేశారు.

సుమేధ మొదట్నుంచీ ఇలా లేదు. పోయినేడు అమలాపురంలో పిన్ని కూతురి పెళ్ళికి వెళ్ళింది. తలంబ్రాలు పోస్తుండగా ఫోను మోగింది. ఓ బియ్యం ఎగుమతిదారు కంప్యూటర్లలోకి దొంగలు దూరి, ఫైళ్ళన్నిటికీ తాళాలు వేసేశారు. ఓడకెక్కించే సరుకు కాగితాలు బయటికి రాలేదు. లారీలు రేవు దగ్గర బారులు తీరి నిలబడ్డాయి. ఓడ ఎంతసేపని ఆగుతుంది? వెళ్ళిపోయింది.

సుమేధను ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఆమెను తినేసింది.

అప్పట్నుంచి సెలవన్నదే లేదు. కష్టమైన పనులన్నీ తన దగ్గరికే వచ్చేలా మార్చుకుంది. పాస్‌వర్డులు, తాళాలు అన్నీ తన చేతిలోనే. పక్కవాళ్ళు ఏదైనా నిదానంగా చేస్తుంటే ఓపిక ఉండేది కాదు. "ఇలా ఇవ్వు, నేను చేస్తా" అనేసేది. ఎవరైనా చొరబడితే, అవతలివాళ్ళ పని ఒక్క క్షణం కూడా ఆపకుండా, ఆ నడుస్తున్న నెట్‌వర్క్‌లోనే దొంగ వెంటపడి గెంటేసేది. అంత నేర్పు ఆ ఆఫీసులో ఇంకెవరికీ లేదు. "సుమేధ గారుంటే మాకు దిగుల్లేదండీ" అని ఆసుపత్రుల వాళ్ళు, ఫ్యాక్టరీల వాళ్ళు అంటుంటే లోపల సంతోషంగానే ఉండేది. ఆ మాటతోనే, తను లేకపోతే ఎలా అన్న భయం ఇంకో ముడి బిగిసేది.

ఒకరోజు మధ్యాహ్నం భ్రమరాంబ గారి బల్ల దగ్గర నిలబడి అడిగింది.

"మేడమ్, నాకేదైనా అయితే వీళ్ళ గతేమిటి?"

"ఎవళ్ళ గతి?"

"మన క్లయింట్లందరిదీ. నేనొక్క రోజు రాకపోతే ఏమవుతుందోనని గుండె దడదడలాడుతోంది. మీరు ఇంత నిమ్మళంగా ఎలా ఉంటారో నాకర్థం కాదు."

భ్రమరాంబ గారు కళ్ళజోడు పైనుంచి ఆమెను చూశారు. ఆ గొంతులో భయముంది. భయం కింద కాస్త గర్వం కూడా ఉంది. ఆవిడ రెండూ విన్నారు.

కంప్యూటర్ వైపు తిరిగి నాలుగు అక్షరాలు కొట్టారు. ఆ పక్కనే, సుమేధ బల్ల మీద తెర నల్లబడింది.

"ఏమైంది మేడమ్? నన్ను బయటికి తోసేసింది!"

"నేనే తీసేశాను. నీ తాళాలన్నీ నూకరాజుకిచ్చాను."

"నూకరాజుకా?"

నూకరాజు ఆ మాట విని కుర్చీలోంచి సగం లేచాడు. అతనిది తుని దగ్గర పల్లెటూరు. పనిలో చేరి రెండేళ్ళు దాటినా, ఏ పనైనా ఒకటికి రెండుసార్లు చూసుకుంటే గానీ చేసేవాడు కాడు. సుమేధ నోటినుంచి "ఇలా ఇవ్వు" అన్నమాట ఎక్కువసార్లు విన్నదీ అతనే.

"తప్పు చేశానా మేడమ్?" అంది సుమేధ.

"లేదమ్మా."

"ఎన్నాళ్ళు?"

"నేను చెప్పేదాకా. ఇంట్లో ఉంటానంటే ఉండు. ఇక్కడికొస్తే ఆ కిటికీ పక్క కుర్చీలో కూర్చో. వాళ్ళేదైనా అడిగితే చెప్పు. అడక్కపోతే చెప్పకు."

"ఈలోగా ఏదైనా ముంచుకొస్తే?"

"నేను లేనూ?" అని భ్రమరాంబ గారు మళ్ళీ తన పనిలో పడిపోయారు.

*

ఇంట్లో ఉండడం ఆమె వల్ల కాలేదు. పొద్దున్నే వచ్చి కిటికీ పక్కన కూర్చునేది.

కింద రోడ్డు మీద ఆటోలు, కాలేజీ పిల్లలు, చెరుకురసం బండి. ఆమెకు ఏదీ కనబడేది కాదు. చెవులు మాత్రం వెనకవైపే ఉండేవి. అక్కడ అలారం ఒక్కసారి కూసినా వేళ్ళు ఒళ్ళో కదిలేవి. ఆ శబ్దాన్ని బట్టే అది ఏమిటో, ఎక్కడో ఆమెకు తెలిసిపోయేది. నూకరాజు దాన్ని తెరిచి చదివి, మళ్ళీ చదివి, పక్క కుర్చీలో పనిచేసే పద్మజతో మాట్లాడి, అప్పుడు తీసేవాడు. తనైతే తీసిపారేసే వేళకు అతను ఇంకా చదువుతూ ఉండేవాడు. పళ్ళు బిగబట్టుకునేది.

ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు. మొదట్లో తనమీద గౌరవమనుకుంది. తర్వాత, అది గౌరవమేనా అని అనుమానం వచ్చింది. ఒకసారి నూకరాజు ఏదో తోచక తల గోక్కుంటూ ఇటువైపు తిరిగాడు. సుమేధ ముందుకు వంగింది. అతను ఆమె ముఖం చూసి, ఏదో పొరపాటున చూసినట్టు మళ్ళీ తెరవైపు తిరిగిపోయాడు.

ఆ చూపు ఆమెకు రోజంతా గుచ్చుకుంది.

పైగా అతనెప్పుడు చూసినా ఫోన్లోనే. "ఏమండీ, భోజనాలయ్యాయా?" అంటూ మొదలుపెట్టి గంటల తరబడి ఎవరెవరితోనో మాట్లాడేవాడు. ఇన్ని తాళాలు చేతికొస్తే కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నాడని ఆమెకు ఒళ్ళు మండిపోయేది. భ్రమరాంబ గారికి చెప్పబోయింది కూడా. ఆవిడ వేలు పెదవుల మీద పెట్టుకుని ఊరుకున్నారు.

*

సోమవారం పొద్దున, టీలు తాగుతున్న వేళ అలారం కూసింది. ఒక్కసారి కూసి ఆగలేదు. ఒకదాని వెనక ఒకటి.

సుమేధ గ్లాసు కింద పెట్టేసింది. అమలాపురంలో పెళ్ళిపందిట్లో ఫోన్లో విన్నది ఇదే. ఫైళ్ళకు తాళాలు పడుతున్నాయి.

"తుని," అన్నాడు నూకరాజు. "డయాలసిస్ సెంటర్."

జిల్లాల్లో చిన్న చిన్న ఊళ్ళల్లో డయాలసిస్ కేంద్రాలు నడిపే సంస్థ ఒకటి వీళ్ళ క్లయింటు. కిడ్నీలు పాడైనవాళ్ళు వారంలో కొన్ని రోజులు అక్కడికొచ్చి, ఒక పూటంతా మంచం మీద పడుకుంటారు. ఒంట్లో రక్తాన్ని యంత్రం బయటికి లాగి, శుభ్రం చేసి, మళ్ళీ లోపలికి పంపుతుంది. కాకినాడలో కూర్చున్న డాక్టరు అన్ని కేంద్రాల్లో రోగుల బీపీలు, బరువులు, ఇవ్వాల్సిన మందులు కంప్యూటర్లోనే చూస్తూ ఉంటాడు. ఆ కంప్యూటర్లన్నీ ఒకే నెట్‌వర్క్. తునిలో అంటుకున్నది పిఠాపురానికీ, అన్నవరానికీ, నర్సీపట్నానికీ పాకడానికి ఎంతోసేపు పట్టదు.

సుమేధ లేచి నిలబడింది. ఏం చెయ్యాలో ఆమె వేళ్ళకు తెలుసు. ఏ దారిలోంచి వస్తోందో పట్టుకుని, ఆ ఒక్క దారీ మూసి, మిగతాదంతా నడుస్తుండగానే వెంటాడాలి. అడుగుతాడని నూకరాజు వైపు చూసింది.

అతను ఫోనందుకున్నాడు. స్పీకర్ నొక్కి బల్లమీద పెట్టాడు.

"మార్తమ్మ గారూ, నూకరాజునండి. మొన్న అనుకున్నాం చూడండి, అది వచ్చేసిందండి. మీ నెట్‌వర్క్ లైను తీసేస్తున్నాను."

అవతల నర్సు మార్తమ్మ గొంతు. "ఇప్పుడేనా బాబూ? ఒక్క నిమిషం ఆగండి. ఇందాకే మిషన్ ఎక్కించిన ఆయన బీపీ రాసుకోనివ్వండి."

"రాసుకోండి."

సుమేధ అరిచింది. "తీసేస్తావా? మతుందా నీకు? అక్కడ మనుషులు మంచాల మీదున్నారు! ఒంట్లో రక్తం యంత్రంలో ఉంది!"

రెండంగల్లో అతని కుర్చీ దగ్గరికి వెళ్ళబోయింది. మణికట్టు మీద చెయ్యి పడింది. భ్రమరాంబ గారు ఎప్పుడొచ్చారో పక్కనే నిలబడి ఉన్నారు. గట్టిగా కూడా పట్టుకోలేదు. ఊరికే చెయ్యి వేసి ఉంచారు.

"మేడమ్, చెప్పండి అతనికి! నేను చేస్తాను, నాకివ్వండి!"

"నిన్ను అడిగారా?"

సుమేధ నూకరాజు వేళ్ళ వంక చూసింది.

"అయిందండి," అంది ఫోన్లో మార్తమ్మ. "తీసెయ్యండి."

నూకరాజు తీసేశాడు.

గోడమీది పెద్ద తెరలో తుని దగ్గర వెలుగుతున్న చుక్క ఆరిపోయింది. పిఠాపురం వెలుగుతోంది. అన్నవరం వెలుగుతోంది. సుమేధ ఒక్కొక్క చుక్కనే చూస్తోంది, కళ్ళు ఆర్పకుండా. ఏదో ఒకటి ఆరుతుంది, ఇప్పుడు ఆరుతుంది అనుకుంటూ.

ఫోన్లోంచి యంత్రాల చప్పుడు వినిపిస్తోంది. గుర్ర్‌మని, ఆగకుండా. మధ్యలో ఎవరిదో ముసలి గొంతు.

"ఏటైందమ్మా?"

"ఏం కాలేదు తాతా," మార్తమ్మ అంటోంది. "కంప్యూటర్ పడుకుంది. మీరూ పడుకోండి."

"దానికేం రోగం?"

ఎవరో నవ్వారు. యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి. పద్మజ అప్పటికే కాకినాడ డాక్టరును ఇంకో ఫోన్లోకి తెచ్చింది. మార్తమ్మ ఒక్కొక్క మంచం దగ్గరికీ నడుస్తూ అంకెలు చదువుతోంది, డాక్టరు వింటూ చెయ్యాల్సింది చెబుతున్నాడు.

సుమేధ పక్కనున్న బల్లకు ఆనుకుంది.

*

ఆ రోజు అన్నీ సాఫీగా సాగాయని కాదు. తునిలో మధ్యాహ్నం రావాల్సినవాళ్ళ పాత వివరాలు తాళంపడ్డ ఫైళ్ళలో ఉండిపోయాయి. ముగ్గురిని ఆటో ఎక్కించి అన్నవరం పంపాల్సి వచ్చింది. అందులో ఒకావిడ కొడుకు ఫోన్ చేసి నూకరాజును నోటికొచ్చినట్టు తిట్టాడు. అతను "అవునండీ, అవునండీ" అంటూ విన్నాడు. కానీ మంచం మీదున్న ఒక్కరినీ మధ్యలో లేపలేదు. ఇంకే ఊళ్ళోనూ చుక్క ఆరలేదు.

భోజనాల వేళ దాటాక సుమేధ అతని దగ్గరికి వెళ్ళింది.

"లైను తీసినా యంత్రాలు ఆగవని నీకెలా తెలుసు?"

అతను కాస్త జంకాడు. "అడిగానండి. మేడమ్ తాళాలిచ్చిన రోజే భయమేసిందండి నాకు. మీలాగా నడుస్తున్నదాంట్లో వెంటపడి పట్టుకోవడం నావల్ల కాదు కదండీ. ఏదైనా వస్తే నేను చెయ్యగలిగింది లైను తీసెయ్యడమొక్కటే. అందుకని అన్ని సెంటర్లకీ ఫోన్ చేసి, 'నేను లైను తీసేస్తే మీరేం చేస్తారండీ' అని అడిగాను. యంత్రాలు ఆగవన్నారు గానీ, మిగతాది కొందరు తెలీదన్నారు. వాళ్ళతో మాట్లాడుకుని, లైను లేనట్టే ఒక పూటంతా కాగితాల మీద రాసుకుంటూ చేసి చూశామండి."

"నన్నెందుకు అడగలేదు?"

నూకరాజు బల్లవైపు చూస్తూ అన్నాడు. "మిమ్మల్నడిగితే మీరే చేసేస్తారు కదండీ."

ఆమె కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. "దొంగ ఎలా వచ్చాడో చూశావా?"

"ఇంకా లేదండి. చూద్దామా?"

ఇద్దరూ చూశారు. సాయంత్రమయ్యేసరికి దొరికింది. తుని కేంద్రంలో నీళ్ళు శుద్ధిచేసే యంత్రాన్ని బాగుచేసేవాళ్ళు దూరంనుంచే దాన్ని చూసుకునేందుకు ఒక దారి ఉంది. వాళ్ళ పాస్‌వర్డు ఎవరికో చిక్కింది. ఆ పేరుతోనే లోపలికొచ్చి, చప్పుడు చెయ్యకుండా ఓ మూల కూర్చుని, అన్నీ చూసుకుని, ఇవాళ పని మొదలుపెట్టారు. నర్సీపట్నం తాళంచెవి కూడా అప్పటికే సంపాదించి పెట్టుకున్నారు.

మొదటిసారి లోపలికొచ్చిన తేదీ తెరమీద ఉంది. సుమేధ దాన్ని రెండుసార్లు చదివింది.

తాళాలన్నీ ఆమె చేతిలో ఉన్న రోజులవి. ఆ రోజు ఆమె ఇదే గదిలో, ఇదే తెర ముందు, అన్నం కూడా ముట్టకుండా కూర్చుని ఉంది.

నూకరాజుకూ అర్థమైంది. అతను లేచి, నీళ్ళు తాగే వంకతో అవతలికి వెళ్ళాడు.

సుమేధ భ్రమరాంబ గారి బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"నేను చూస్తూనే ఉన్నాను మేడమ్."

"తెలుసమ్మా," అన్నారు భ్రమరాంబ గారు. "నేనూ చూస్తూనే ఉన్నాను."

*

మర్నాడు పొద్దున సుమేధ తన కుర్చీ వైపు వెళ్ళబోతుంటే ఆవిడ పిలిచారు.

"తునికి వెళ్ళి రా. ఓ పూట కూర్చుని రా."

"ఏం చెయ్యాలి మేడమ్? కొత్త కంప్యూటర్లు పెట్టాలా?"

"అవి నూకరాజు రేపు పెడతాడు. నువ్వేమీ చెయ్యొద్దు."

సుమేధ బస్సెక్కింది. దారిపొడుగునా ఫోను తీసి చూస్తూ, సంచిలో వేస్తూ, మళ్ళీ తీస్తూ ఉంది. తునిలో దిగి దారి అడుగుతూ వెళితే, మందుల దుకాణం పక్క సందులో ఉంది ఆ కేంద్రం. గుమ్మం దగ్గర చెప్పుల వరస. లోపల పొడుగాటి హాలు, రెండు వైపులా మంచాలు, ఒక్కొక్క మంచానికి ఒక యంత్రం. ఇన్నాళ్ళూ ఈ చోటును ఆమె ఒక వెలిగే చుక్కగానే చూసింది.

కౌంటరు మీది కంప్యూటర్ మీద ఎవరో తువ్వాలు కప్పారు.

మార్తమ్మ ఆమె అనుకున్నంత పెద్దావిడ కాదు. "కాకినాడ ఆఫీసు నుంచా? రండమ్మా. చూడ్డానికేం లేదు గానీ, కూర్చోండి" అని ఒక స్టూలు లాగి, కిటికీ పక్కనున్న మంచం దగ్గర వేసింది.

మంచం మీద సన్యాసిరావు గారని ఓ పెద్దాయన. తమలపాకుల వ్యాపారం చేసి మానేసినాయన. చేతిలోంచి రెండు ఎర్రని గొట్టాలు యంత్రంలోకి వెళ్ళి, మళ్ళీ వస్తున్నాయి. సుమేధ వాటివంక చూసి, చూడలేక, యంత్రం మీది అంకెలవంక చూసింది. అవి మారినప్పుడల్లా ఉలిక్కిపడుతోంది.

"ఏటమ్మా అంత ఇదిగా చూస్తున్నావు?" అన్నాడాయన.

"ఏం లేదండీ. ఇలా రక్తమంతా బయట తిరుగుతుంటే మీకు భయం వెయ్యదా?"

"మార్తమ్మ ఉంది కదా."

"మార్తమ్మ గారు సెలవు పెడితే?"

"జానకి వస్తది." ఈ అమ్మాయికి ఇంత చిన్న సంగతి తెలీదేమిటన్నట్టు ఆయన ఆమెను ఒకసారి చూశాడు. తర్వాత దుప్పటి గడ్డందాకా లాక్కుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి గురక మొదలైంది.

సుమేధ అంకెలు చూస్తూనే ఉంది. మార్తమ్మ వచ్చి చూసి, కాగితం మీద రాసుకుని పక్క మంచానికి వెళ్ళింది. ఆ చివరనుంచి జానకి కాబోలు, ఇంకో అమ్మాయి ఇటు నడిచి వస్తోంది. యంత్రం గుర్ర్‌మంటోంది. కిటికీలోంచి ఎండ మోకాళ్ళ మీద పడి వెచ్చగా ఉంది. సంచిలో ఫోను ఒకసారి మోగింది. చెయ్యి సంచి దాకా వెళ్ళి, అక్కడ ఆగింది. ఫోను ఇంకాసేపు మోగి ఊరుకుంది.

మధ్యాహ్నం సన్యాసిరావు గారి గొట్టాలు తియ్యడానికి మార్తమ్మ వచ్చేసరికి, ఆ కాకినాడ అమ్మాయి స్టూలు మీద కూర్చునే, తల గోడకానించి నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. సంచి ఒళ్ళోంచి జారి నేలమీద పడింది.

"లేపమంటారా?" అంది జానకి.

మార్తమ్మ వద్దని చెయ్యూపి, సంచి తీసి పక్కన పెట్టి, చప్పుడు కాకుండా పెద్దాయన చేతి పట్టీ విప్పడం మొదలుపెట్టింది.